నాన్న 500 కిలోమీటర్లకే మార్చమంటున్నారు, షోరూమ్‌లో 20 వేల కిలోమీటర్లంటున్నారు: కొత్త లారీకి మొదటి ఆయిల్ ఎప్పుడు?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. నెల కిందట 14 అడుగుల బాడీ ఉన్న కొత్త బీఎస్-6 లారీ ఫైనాన్స్‌లో తీసుకున్నాను. మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకు టమాటా తోలుతున్నాను. ఇప్పటికి 1,800 కిలోమీటర్లు తిరిగింది. మా నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపారు. "కొత్త ఇంజన్‌కి 500కే ఆయిల్ దించేయాలి, ఇప్పటికే ఆలస్యం చేశావు" అని రోజూ తిడుతున్నారు. షోరూమ్‌లో అడిగితే 5 వేలకు చెకింగ్ మాత్రమే, ఆయిల్ మార్పు 20 వేలకు లేదా ఏడాదికి అన్నారు. మొన్న గేజి తీసి చూస్తే ఆయిల్ తారులా నల్లగా ఉంది. ఊళ్లో మెకానిక్ "వెంటనే మార్చు, ట్రాక్టర్లకు పోసే ఆయిల్ నా దగ్గరే ఉంది, తక్కువలో పోసిస్తా" అంటున్నాడు. మొదటి కిస్తీ ఇప్పుడే కట్టాను. ఇంజన్‌కి ఏమైనా అయితే అంతే సంగతులు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, తీసిన ఆయిల్ అమ్మ అడుగుతోంది, పశువుల కొట్టం గుంజలకు పూయడానికి. పూయొచ్చా?

జవాబు: ఇప్పుడు మార్చకండి. ముఖ్యంగా ఆ ట్రాక్టర్ ఆయిల్‌తో అసలు మార్చకండి. మీ బండితో ఇచ్చిన సర్వీస్ బుక్కులో 20 వేలు లేదా ఏడాది అని ఉంటే, ఏది ముందొస్తే అదే మీ లెక్క. కోయంబేడులో మీ బండి నిలబడే తీరును బట్టి దాన్ని కొంచెం ముందుకు జరుపుకోవాల్సి రావొచ్చు, ఆ లెక్క తర్వాత చెప్తాను. ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. ఎందుకంటే ఆయన చెప్పింది తప్పు కాదు. ఆయన నడిపిన బండ్లకు అది నూటికి నూరుపాళ్లు నిజం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ని. ఆ రోజుల్లో కొత్త ఇంజన్ అంటే సగం పని ఫ్యాక్టరీలో, మిగతా సగం రోడ్డు మీద జరిగేది. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని లైనర్ అంటారు. దాని లోపలి గోడ మీద సన్నని గీతలుంటాయి, ఆయిల్ నిలవడానికి వాటిని కావాలనే గీస్తారు. అప్పట్లో ఆ గీతల అంచులు గరుకుగా ఉండేవి. పిస్టన్ రింగులు వాటిని రాసుకుంటూ, నున్నగా చేసుకుంటూ కూర్చోవాలి. ఆ రాపిడికి రాలిన ఇనుప పొడి అంతా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకే దిగేది. పోత పోసినప్పుడు మూలల్లో మిగిలిపోయిన ఇసుక రేణువులు కూడా ఒక్కోసారి అందులోనే తేలేవి. అప్పటి ఆయిల్ కూడా ఇంత కాలం నిలిచేది కాదు. అందుకే 500కో వెయ్యికో దాన్ని దించేసేవాళ్లం. వెనకాల "రన్నింగ్ ఇన్" అని పలక తగిలించుకుని, నలభై దాటకుండా పోయే లారీల్ని మీ నాన్నగారు చూసే ఉంటారు, బహుశా నడిపే ఉంటారు.

దానికితోడు ఆయన ముప్పై ఏళ్లలో కొత్త ఇంజన్ల కంటే రీబోర్ చేయించిన, అంటే అరిగిన సిలిండర్‌ని మళ్లీ తొలిపించిన ఇంజన్లే ఎక్కువ చూసి ఉంటారు. బయట షాపులో బోర్ కొట్టించి, షెడ్డులో నేల మీద గోతం పరిచి బిగించిన ఇంజన్‌లో ఎంత కడిగినా కొంత పొడి, కొంత దుమ్ము ఉండిపోతుంది. దానికి ఈరోజుకీ 500కే ఆయిల్ దించాలి. రేపు మీ బండికి ఎప్పుడైనా ఇంజన్ పని చేయిస్తే, అప్పుడు మీ నాన్నగారి మాటే వినండి, నాది కాదు.

మరి ఇప్పుడేం మారింది? లైనర్ గీతల తలల్ని ఫ్యాక్టరీలోనే చదును చేసేస్తున్నారు. కింద లోతు గీతలు ఆయిల్‌ని పట్టుకుంటాయి, పైన చదునుగా ఉంటుంది కాబట్టి రింగులు కూర్చోవడానికి పెద్దగా రాపిడి అక్కర్లేదు. విడిభాగాల్ని బిగించే ముందు కడిగే పద్ధతి కూడా చాలా మారింది. ఇక మిగిలిన సన్నపొడిలో కొంత ఫిల్టర్ పట్టేస్తుంది. దానికీ దొరకనంత సన్నటిది ఆయిల్‌లో తిరుగుతున్నా, బేరింగుల మధ్య ఉండే ఆయిల్ పొర దాన్ని తాకనివ్వదు. కొన్ని కంపెనీలు మొదటిసారి పోసే ఆయిల్‌ని ఈ రింగులు కూర్చునే పనికి తగ్గట్టే తయారు చేయించి పోస్తాయి. అలాంటిదాన్ని 500కే పారబోస్తే, పొయ్యి మీద అన్నం ఉడకకముందే గంజి వార్చినట్టు.

కొత్త ఇంజన్ మొదటి ఆయిల్‌ని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఇనుము, రాగి, సిలికాన్ మామూలు కంటే ఎక్కువే కనిపిస్తాయి. ఆ కాగితం చూసి కంగారు పడిన ఓనర్లు నాకు తెలుసు. ఆ సిలికాన్‌లో ఎక్కువ భాగం గ్యాస్కెట్ల దగ్గర పూసే పేస్టు నుంచి వస్తుంది, రాగి ఆయిల్ కూలర్ నుంచి ఊరుతుంది. రెండూ ఇంజన్ని అరగదీసేవి కావు. రెండో మార్పుకో మూడో మార్పుకో వాటంతటవే తగ్గిపోతాయి.

ఇక నలుపు. పెట్రోల్ బండి అలవాటున్నవాళ్లు డీజిల్ ఆయిల్ నలుపు చూసి హడలిపోతారు. డీజిల్ మండితే మసి పుడుతుంది. ఆ మసిని గోడలకు అంటుకోకుండా తనలో కలిపేసుకుని తేలుతూ ఉంచడమే ఆయిల్ చేసే పనుల్లో ఒకటి. పైగా చాలా బీఎస్-6 ఇంజన్లలో పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికే పంపిస్తారు, దాంతో ఇంకా తొందరగా నల్లబడుతుంది. గిన్నెలు తోమిన నీళ్లు నల్లగా ఉన్నాయంటే గిన్నెలు శుభ్రపడుతున్నాయని కదా అర్థం. వెయ్యికే నల్లబడిన ఆయిల్ 20 వేల దాకా బాగానే పనిచేస్తుంది. నలుపు కాదు, మీరు చూడాల్సినవి వేరే. పాలు కలిపిన కాఫీలా తెల్లగా, నురగగా కనిపిస్తే నీళ్లు కలుస్తున్నట్టు. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడినా, డీజిల్ వాసన గుప్పున కొట్టినా ఆ రోజే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

ఆ మెకానిక్ దగ్గరున్న డబ్బా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. 2020 ఏప్రిల్ 1 నుంచి మనకు బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గింది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చి కూర్చుంది. పట్టిన మసిని అది వేడి పెంచి కాల్చేసుకుంటుంది. కానీ ఇంజన్ ఎంతో కొంత ఆయిల్ కూడా తాగుతుంది, ఆ ఆయిల్ కాలితే బూడిద మిగులుతుంది. పొయ్యిలో బొగ్గు మండుతుంది గానీ బూడిద మండదు కదా. ఆ బూడిద జల్లెడలోనే పేరుకుంటుంది, ఎంత వేడి పెట్టినా పోదు. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ పోయాలి. డబ్బా మీద ఏపీఐ సీకే-4 అని ఉంటుంది. 2016 డిసెంబర్‌లో వచ్చిన తరగతి అది. అందులో బూడిద శాతం ఒకటికి మించకూడదు. ట్రాక్టర్లకు, పాత లారీలకు పోసే సీఐ-4 లాంటివాటిలో అది అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని రెండింటి మీదా ఒకేలా ఉంటుంది, అక్కడే మోసపోతాం. అది చిక్కదనం లెక్క మాత్రమే. మీ బుక్కులో ఏ తరగతి రాసుందో, ఏ చిక్కదనం రాసుందో రెండూ కలిపి చూసుకుని కొనండి. ఒక్కసారి తప్పు ఆయిల్ పోస్తే బండి ఆ పూటే ఆగిపోదు, అదే దీనితో వచ్చే చిక్కు. కొన్ని నెలలకు డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. అప్పటికి ఆ డబ్బా సంగతి ఎవరికీ గుర్తుండదు.

మరి మనశ్శాంతి కోసం ఒకసారి ముందే మార్పిస్తే ఇంజన్‌కి నష్టమా? కాదు. సరైన ఆయిల్, కంపెనీ ఫిల్టర్ వేసి, సర్వీస్ సెంటర్‌లో బిల్లుతో మార్పిస్తే 5 వేలకు మార్చినా ఇంజన్ ఏమీ అనదు. మీ తరహా బండికి దాదాపు పది లీటర్లు పడుతుంది, ఫిల్టర్‌తో కలిపి లెక్క వేసుకోండి. ఆ డబ్బు మీకు భారం కాకపోతే, ఇంట్లో రోజూ తిట్లు ఆగుతాయంటే, 5 వేల చెకింగ్ రోజే మార్పించేయండి. నేనైతే మార్పించను. కారణం డబ్బు ఒక్కటే కాదు.

పద్దెనిమిదేళ్ల కిందట మా ఇంట్లో కొత్త లారీ కొన్నాం. నాకు పని తెలుసన్న ధీమా, వెయ్యికే ఆయిల్ దించాలన్న పట్టుదల. లోడు దించి వస్తూ నాయుడుపేట దాటాక రోడ్డు పక్క షెడ్డులో ఆపాం. నేను టీ తాగడానికి వెళ్లాను. మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాడు డ్రైన్ బోల్టు విప్పి, ఆయిల్ దించి, కొత్తది పోసి, బోల్టు బిగించేశాడు. ఆ బోల్టుకి రాగి వాషర్ ఉంటుంది, ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, ప్రతిసారీ కొత్తది వేయాలి. వాడు పాతదే వేశాడు. కొంచెం ఊరుతున్నట్టు కనిపించేసరికి స్పానర్‌కి పైపు తొడిగి ఇంకో చుట్టు తిప్పాడు. ఛాంబర్ అల్యూమినియం. లోపల మర లేచిపోయింది. బయటికి చూస్తే బోల్టు బిగుతుగానే ఉన్నట్టుంది. అరవై కిలోమీటర్లు పోయాక డ్యాష్ మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. మా డ్రైవర్, పాపం, "కొత్త ఆయిలే కదా పోశాం, వైరు ఏదో లూజయి ఉంటుంది" అనుకుని ఇంకో నాలుగు కిలోమీటర్లు తోలాడు. బోల్టు ఎక్కడో రోడ్డు మీద పడిపోయింది. 1,100 కిలోమీటర్లు తిరిగిన బండికి ఇంజన్ దించి, క్రాంక్, బేరింగులు మార్చాల్సి వచ్చింది. వారంటీకి వెళ్తే కంపెనీవాళ్లు ఆయిల్ మార్చిన బిల్లు అడిగారు. షెడ్డులో బిల్లెక్కడిది? మొత్తం మా జేబులోంచే పోయింది.

ఆ ఎర్ర లైటు వెలిగితే ఎక్కడున్నా, వెనకాల ఎన్ని బండ్లు హారన్ కొట్టినా, పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. ఆ లైటు ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పేది కాదు, బేరింగులకు ఆయిల్ ఒత్తిడి అందట్లేదని చెప్పేది. అప్పుడు నిమిషాలు కూడా ఎక్కువే.

ఇప్పుడు కోయంబేడు లెక్క. కిలోమీటర్ల మీటరు బండి కదిలినప్పుడే తిరుగుతుంది. ఇంజన్ మాత్రం నిలబడ్డప్పుడు కూడా తిరుగుతుంది, ఆయిల్ కూడా కాగుతూనే ఉంటుంది. మీ డ్యాష్‌లో ఇంజన్ గంటలు చూపించే పేజీ ఉంటే ఒకసారి తెరవండి. తిరిగిన కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. గంటకు 40 వస్తే మీ బండి రోడ్డు మీదే ఎక్కువ నడుస్తోందని లెక్క. అప్పుడు 20 వేలంటే 500 గంటలు. అదే గంటకు 20 వస్తే, ఆ 500 గంటలు మీకు 10 వేలకే పూర్తవుతాయి. మార్కెట్ గేటు దగ్గర రాత్రంతా అంగుళం అంగుళం జరుగుతూ ఇంజన్ ఆన్‌లో పెట్టుకునే బండికీ, ఖాళీ హైవే మీద నడిచే బండికీ ఒకే కిలోమీటరు అంకె సరిపోదు. బుక్కులో కఠిన వాడకానికి వేరే వరుస ఒకటి ఉంటుంది, చాలామంది దాని జోలికే పోరు. అందులో మీ వాడకం పడుతుందేమో సర్వీస్ సెంటర్‌లో అడిగి, వాళ్లు చెప్పిన అంకెను జాబ్‌కార్డు మీద రాయించుకోండి. క్యూలో పది నిమిషాలకు మించి కదలదనిపిస్తే ఇంజన్ ఆపేయడం అన్నిటికంటే సులువు. కొత్త ఇంజన్‌కి గంటలకొద్దీ ఐడ్లింగ్ మంచిది కూడా కాదు. రింగులు కూర్చోవాలంటే వాటి మీద కొంత ఒత్తిడి పడాలి. ఖాళీగా తిరిగే ఇంజన్‌లో అది ఉండదు, లైనర్ గోడ అద్దంలా మెరిసిపోయి ఆయిల్ నిలవదు.

దీన్నిబట్టి మొదటి కొన్ని వేల కిలోమీటర్లు ఎలా తోలాలో కూడా తెలుస్తుంది. మరీ మెల్లగా కాదు, మరీ తొక్కి కాదు. ఒకే వేగంలో గంటలకొద్దీ పోకుండా మారుస్తూ ఉండండి. పెద్ద గేర్‌లో ఇంజన్ మూలుగుతుంటే పై నుంచి తొక్కకండి, గేర్ దించండి. పర్మిట్‌కి మించి లోడు వేయకండి. మొదటి రోజుల్లో ఎంత లోడు, ఎంత వేగం అన్నది బుక్కులో ఒక పేజీలో ఉంటుంది, చదవండి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో టమాటా లోడుతో దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టకండి. ఇది ఆయిల్‌కి సంబంధించిన మాట కాదు, ప్రాణాలకు సంబంధించిన మాట, సందర్భం వచ్చింది కాబట్టి అన్నాను. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లతో ఆ ఎత్తు ఎక్కి పైన టీకి ఆగితే, వెంటనే తాళం తిప్పేయకండి. రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఉంది కదా, దాని బేరింగ్ ఆయిల్ మీదే తేలుతూ తిరుగుతుంది. ఎర్రగా కాగి ఉన్నప్పుడు ఆయిల్ ఆగిపోతే లోపలున్న ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలన్నదాని కంటే వంద రెట్లు ముఖ్యమైనది రోజూ గేజి చూడటం. కొత్త ఇంజన్ రింగులు సర్దుకునే దాకా మామూలు కంటే కొంచెం ఎక్కువ ఆయిల్ తాగుతుంది. పొద్దున్నే లోడుకు వెళ్లే ముందు, చదునైన చోట, ఇంజన్ స్టార్ట్ చేయకముందు గేజి తీయండి. గుడ్డతో తుడిచి మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. రెండు గీతల మధ్య ఎక్కడున్నా సరే. పై గీత దాకా ఉండాల్సిన పనిలేదు, దాటితే మాత్రం ప్రమాదం. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుల్ని కాపాడదు. ఇంకో సంగతి, ఈ బండ్లలో కొత్తగా వచ్చింది: మట్టం తగ్గితే అందరికీ తెలుసు, పెరిగితే? కొన్ని ఇంజన్లలో డీపీఎఫ్‌ని కాల్చుకోవడానికి అదనంగా డీజిల్ కొడతారు. మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే ఆ డీజిల్‌లో కొంత గోడల మీదుగా ఛాంబర్‌లోకి దిగుతుంది. మీరు పోయకుండానే ఆయిల్ పెరుగుతోందంటే అది ఆనందించాల్సిన విషయం కాదు. ఆయిల్ పలచబడుతోంది. అప్పుడు కిలోమీటర్లతో పనిలేకుండా వెంటనే చూపించాలి.

ఒక చిన్న నోటుబుక్కు డ్యాష్ మీద పెట్టుకుని తారీఖు, కిలోమీటర్లు, గేజి మీద ఎక్కడుందో, ఎంత పోశారో రాయండి. పోసేది కూడా ఛాంబర్‌లో ఉన్న తరగతిదే అయ్యుండాలి. ఒక లీటరు డబ్బా సీటు కింద ఉంచుకోండి, దారిలో దొరికింది పోయాల్సిన అవస్థ రాదు. డబ్బా సీలు మీరే విప్పండి, ఖాళీ అయ్యాక డబ్బాకి కత్తితో గాటు పెట్టి పారేయండి. నకిలీ ఆయిల్ నింపేది అలాంటి ఖాళీ డబ్బాల్లోనే.

నాన్నగారికి ఏం చెప్పాలి? ఆయన అనుభవాన్ని పక్కన పెట్టొద్దు, దాన్ని సరైన చోటికి మళ్లించండి. చాలా లారీలకు మొదట్లోనే మార్చాల్సిన ఆయిల్ ఒకటి నిజంగానే ఉంటుంది, అది ఇంజన్‌ది కాదు. వెనక ఇరుసు మధ్యలోని హౌసింగ్‌లో చక్రాల్ని తిప్పే క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాలుంటాయి కదా, ఆ ఆయిల్. కొత్త పళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చునేటప్పుడు ఇనుప పొడి రాలుతుంది, అక్కడ దాన్ని పట్టడానికి ఇంజన్‌కి ఉన్నట్టు ఫిల్టర్ ఉండదు. చాలా బండ్లలో కింద బోల్టుకి అయస్కాంతం మాత్రం ఉంటుంది. అందుకే హౌసింగ్ ఆయిల్‌కి, కొన్నిటిలో గేర్ బాక్స్‌కి, మొదటి మార్పు తొందరగా రాసి ఉంటుంది. బుక్కులో ఆ వరుస వెతకండి. ఆ రోజు నాన్నగారిని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఆ బోల్టు విప్పి ఆయన చేతికివ్వమనండి. అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద, నూరిన గోరింటాకంత మెత్తగా అంటుకుని ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. వేలికి గుచ్చుకునే పెంకులు, ముక్కలు ఉంటే అక్కడే చూపించి జాబ్‌కార్డు మీద రాయించాలి. ముద్దకీ ముక్కకీ తేడా ఆయన వేలికి మీకంటే, అక్కడి అడ్వైజర్ కంటే బాగా తెలుస్తుంది.

అదే రోజు చక్రాల నట్లు, కమాన్ పట్టీల్ని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించమని అడగండి. కొత్త పట్టీలు మొదటి లోడ్లకు సర్దుకుని బోల్టులు లూజవుతాయి. 1,800 కిలోమీటర్లు లోడు తోలారు కాబట్టి నిజానికి దీనికి 5 వేల దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే ఒకసారి చూపించండి. ఇంజన్ ఆయిల్ గురించి నెలంతా తలపట్టుకుని యూ బోల్టుల్ని మరిచిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎయిర్ ఫిల్టర్ సంగతి ఒక్క మాట. టమాటా కోసం తోటల్లోకి, మట్టి దారుల్లోకి బండి దించుతుంటారు కాబట్టి దుమ్ము మీకు ఎక్కువ. అలాగని పంక్చర్ షాపు కనిపించిన ప్రతిచోటా ఫిల్టర్ తీసి గాలి కొట్టించకండి. ఆ ఒత్తిడికి కాగితం చిరుగుతుంది, కంటికి కనిపించదు, ఇక దుమ్ము నేరుగా లైనర్లలోకే. ఫిల్టర్ మూసుకుపోతే చెప్పే సూచిక ఉంటుంది, అది చెప్పినప్పుడు మార్చండి.

ఇక అమ్మగారి ప్రశ్న. మా ఊళ్లో కూడా కాలిన ఆయిల్ అంటే చిన్నప్పుడు ఎగబడి తెచ్చుకునేవాళ్లు. తలుపు చట్టాలకు, గుంజలకు, బండి ఇరుసులకు పూసేవాళ్లు. చెద పట్టదని. కానీ వాడేసిన ఇంజన్ ఆయిల్ ఒంటికి మంచిది కాదు. చర్మానికి పదే పదే తగిలితే క్యాన్సర్ ప్రమాదం ఉందని జంతువుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఆవులు, గేదెలు గుంజకి ఒళ్లు రుద్దుకుంటాయి, నాకుతాయి కూడా. వానకు కారి పక్కనున్న బావిలోకో బోరులోకో చేరితే ఇంకా కష్టం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది, అనుమతి ఉన్న రీసైక్లింగ్‌వాళ్లకే అది చేరాలి. సర్వీస్ సెంటర్‌లో మార్పిస్తే వాళ్లే ఉంచేసుకుంటారు, అడగకండి. గుంజలకు చెద పడుతుంటే పురుగుమందుల షాపులో చెదల మందు దొరుకుతుంది. పశువుల్ని రెండు రోజులు వేరే చోట కట్టి, డబ్బా మీద రాసిన కొలతకే కలిపి, గుంజ మొదట్లో నేలలో దిగిన చోట పోయించండి.